నాంచారమ్మ, మోడల్ ఒకటి

మిరప సాగులో రోబోల వాడకం మీద చేతులతో చేయించి నేర్పే శిక్షణ మొదలైన రోజు, ఇంకా టీలైనా రాకముందే, కౌలు రైతు నాంచారమ్మ రోబోగా మారింది. మారడానికి పెద్ద హడావుడేమీ జరగలేదు. ఎడమ చెవి కింద మినపగింజంత పచ్చదీపం వెలిగింది, అంతే. దానికి తీగ ఎక్కడుందో, బ్యాటరీ ఎక్కడుందో ఎవరూ వెతకలేదు. దీపం వెలుగుతోందంటే హాజరు పడినట్టే.

ఇందులో ఎవరి తప్పూ లేదు. శిక్షణకు రైతులే రావాలన్నారు. రైతంటే పట్టాదారు పాసుపుస్తకంలో పేరున్నవాడు. నాంచారమ్మ ఏళ్ల తరబడి చేస్తున్న పొలం పానకాలరావుగారిది. ఆయనకు నరసరావుపేటలో బట్టల కొట్టుంది. ఆయన పొలం గట్టు తొక్కి ఎంత కాలమైందో ఆయనకే గుర్తులేదు గానీ, పాసుపుస్తకానికి గట్టుతో పనేముంది, అది బీరువాలో ఉంటుంది. వాళ్లిద్దరి మధ్యా కౌలు నోటిమాట మీదే. ఉగాది వెళ్లాక నాంచారమ్మ కొట్టుకెళ్లి "ఈయేడు కూడా నేనే చేసుకుంటానయ్యా" అంటుంది. ఆయన గుడ్డ కొలుస్తూనే తలూపుతాడు. ఆ తలూపుడే దస్తావేజు. కాగితం మీద రాసిస్తే పొలం చెయ్యి జారుతుందని ఆ తట్టు ఆసాములందరికీ భయం కాబట్టి, రాయమని ఎవరూ అడగరు.

అందుచేత రైతుగా పానకాలరావు వచ్చాడు. ఆయన పొలం ఎక్కడుందో చూపించడానికి నాంచారమ్మ వెంట వచ్చింది. శిక్షణాధికారి ఇమ్మానియేలు మంచివాడు, ఎవరినీ ఎండలో నిలబెట్టే రకం కాదు. కానీ ఆయన హాజరు పట్టీలో ఉన్నవి రెండే గడులు: రైతు, యంత్రం. పైగా పట్నం నుంచి రావలసిన యంత్రాలు రాలేదు.

"పొలంలో పని ఎవరు చేస్తారు?" అని అడిగాడు.

"ఈవిడే. నేను చెప్తా, ఈవిడ చేసుద్ది" అన్నాడు పానకాలరావు.

ఇమ్మానియేలు నిబంధనలు తిరగేశాడు. యజమాని ఆదేశం మేరకు పొలంలో పనిచేస్తూ, ఆ పొలం మీద ఏ హక్కూ లేనిది యంత్రం అని ఉంది. కొలతలు తీసి కుట్టినట్టు సరిపోయింది.

"అమ్మా, మీకేమైనా అభ్యంతరమా?"

"నా పేరు రాత్తారా సారూ?"

"రాయాలి. మోడల్ పేరు లేకుండా యంత్రాన్ని నమోదు చెయ్యకూడదు."

"అయితే రాయండి."

ఆవిడకు కావలసింది అదొక్కటే. రెండేళ్ల కిందట తామరపురుగు తోటను మాడ్చేస్తే, ఆవిడ భర్త ఏడుకొండలు పురుగుమందు తాగి పోయాడు. అధికారులు వచ్చారు, కౌలుకు కాగితం అడిగారు, లేదన్నాక కడుపునొప్పి అని రాసుకుని వెళ్లారు. వాళ్ల లెక్కలో ఆ ఇంట రైతెవరూ చనిపోలేదు. ఆ రోజు నుంచీ, ఈ సేద్యం చేసింది మేమేనని ఎక్కడో ఒకచోట ఒక్క ముక్క రాసి ఉంటే చాలని నాంచారమ్మ ప్రాణం కొట్టుకుంటోంది. పేరు రాయగానే దీపం వెలిగింది.

శిక్షణ దివ్యంగా సాగింది. పానకాలరావుకు రిమోట్ ఇచ్చారు. ఆయన "కలుపు" అన్న మీట నొక్కితే నాంచారమ్మ కలుపు తీసేది. నొక్కకపోయినా తీసేదే, కాకపోతే ఇప్పుడది లెక్కలోకి వచ్చింది. ఎండ ముదిరితే యంత్రం వేడెక్కుతుందని చేలో రేకుల షెడ్డు వేశారు. మోకాళ్లు కిర్రుమంటున్నాయని శిక్షణా కేంద్రం తెరమీద కనపడగానే సాంకేతిక నిపుణుడు పరుగున వచ్చి, గ్యారంటీ ఉందంటూ రెండు మోకాళ్లకూ వైద్యం చేయించాడు. ఇదే మోకాళ్ల కోసం ఆవిడ అంతకుముందు ఎన్ని ఆసుపత్రుల మెట్లు ఎక్కిందో, ఆ మెట్లకే తెలియాలి.

మిరప పూతకొచ్చిన వేళ మళ్లీ తామరపురుగు దిగింది. అప్పట్లో అయితే నాంచారమ్మ మాడిన కొమ్మ పట్టుకుని ఆఫీసుకు పోతే, "నువ్వెవరమ్మా?" అని అడిగేవాళ్లు. ఈసారి చేలో నిలబడి "పురుగు పడింది" అంది. అది డేటా. శిక్షణా కేంద్రంలో తెరమీది గీతలన్నీ ఎర్రబడ్డాయి. సాయంత్రం లోపల జీపులొచ్చాయి, శాస్త్రవేత్తలొచ్చారు, డ్రోన్లు చేనంతా మందు కొట్టాయి. నాంచారమ్మ అన్న ప్రతి మాటనూ పట్టికలో ఎక్కించి, తలలు పంకించి, "ఎంత నాణ్యమైన సమాచారం!" అనుకున్నారు.

తోట నిలిచింది. కళ్లం ఎర్రబారింది. ఊరు ఊరంతా డప్పులు కొట్టి నాంచారమ్మను ట్రాక్టరెక్కించి ఊరేగించింది. ఉత్తమ రైతుగా పానకాలరావుకు శాలువా, ఉత్తమ యంత్రంగా నాంచారమ్మకు ఇత్తడి ఫలకం. దాని మీద తన పేరు చెక్కి ఉండటం చూసి ఆవిడ భోరున ఏడ్చింది. అది సంతోషమే, అనుమానం అక్కర్లేదు.

వేదిక దిగాక ఇమ్మానియేలును పక్కకు పిలిచింది.

"సారూ, నేను ఆగిపోతే ఏం జరుగుద్ది?"

"విచారణ సంఘం వస్తుందమ్మా. కారణం తేలేదాకా వదలరు. యంత్రం ఊరికే ఆగదు కదా, ఎవరో ఒకరు సరిగ్గా చూసుకోకపోతేనే ఆగుతుంది."

నాంచారమ్మ ఫలకాన్ని చంకలో పెట్టుకుంది. "మా ఆయన్ని కూడా రాయండి సారూ. వెనక తేదీ వేసి."

ఇమ్మానియేలు నిబంధనలు చూశాడు. పాత యంత్రాలను ఆలస్యంగా నమోదు చేయడానికి వీలుంది. రాశాడు.

వారం తిరక్కుండా విచారణ సంఘం నాంచారమ్మ ఇంటికి వచ్చింది. పెద్ద పెద్ద ఇంజనీర్లు. గుమ్మం బయట చెప్పులు విప్పి, తలలు వంచి లోపలికొచ్చారు. ఏడుకొండలు ఫొటో వంక చూసి, అందరిలోకీ పెద్దాయన మెల్లగా అడిగాడు: "ఎప్పటినుంచమ్మా ఇబ్బంది పడుతున్నాడు? దేనివల్ల ఆగిపోయాడు?"

ఆ ఇంట్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనుషులు వాళ్లే. నాంచారమ్మ చాప పరిచి, అందరికీ మంచినీళ్లిచ్చి, నారు పోసిన రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టింది.