రోగులు లేని వార్డుకు నూటికి తొంభై ఏడు

"ఇన్‌స్పెక్షన్ వస్తాంది, అందరూ జాగ్రత్త!" అని కృప సిస్టర్ వార్డు తలుపు దగ్గర నిలబడి కేకేసింది. మంచం పక్కన చాప మీద కూర్చున్న భీమమ్మకు అది ఇన్‌ఫెక్షన్ అని వినబడింది.

"వస్తాంది ఏంది సిస్టరమ్మా? వచ్చి పది దినాలాయె! మా ఆయన కాల్లోనే కూసోనుంది, సూడు పో" అంది.

వార్డంతా గొల్లుమంది. పొట్ట మీద కుట్లున్నవాళ్లు మాత్రం నవ్వబోయి మూలిగారు.

"అది కాదక్కా! టీం వస్తాంది. ఒకరి రోగం ఇంగొకరికి అంటకుండా మనం ఏం జేస్తాండామో సూసి మార్కులేస్తారు" అని కృప అందరికీ వినబడేలా విడమరిచి చెప్పింది.

అయ్యలారా, అమ్మలారా! ఇన్‌ఫెక్షన్ వస్తే రోగి వణుకుతాడు. ఇన్‌స్పెక్షన్ వస్తే ఆస్పత్రి వణుకుతుంది. ఈ లోకంలో ఇన్‌స్పెక్షన్‌ను మించిన మందు లేదు! కాదంటారా? అయితే ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఉన్న ఈ యాభై పడకల ఆస్పత్రి కథ వినండి. పేరు మాత్రం అడగకండి, మళ్లీ అక్కడికే పోవాల్సిన వాళ్లం.

భీమమ్మ మొగుడు మారెప్పది గోనెగండ్ల దగ్గర పల్లె. కూలి పని. చేలో పత్తికట్టె కుడికాలి బొటనవేలి కింద దిగబడింది. ఆపరేషన్ చేసి తీశారు. కట్టె పోయింది, చీము వచ్చింది. చీము తగ్గకుంటే సోమవారం వేలే తీసేస్తామన్నారు. బొటనవేలు లేకపోతే బస్తా ఎత్తేటప్పుడు మనిషి నిలదొక్కుకునేదెట్లా? బస్తా ఎత్తని మారెప్పను పనికి పిలిచేదెవరు? పది రోజులుగా భీమమ్మ కంటికి ఆ వేలు తప్ప ఇంకేదీ ఆనడం లేదు.

ఇక ఆస్పత్రి సన్నాహాలు చూడాలి! వార్డులో తళతళలాడే కొత్త వాష్‌బేసిన్ బిగించారు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టారు. కుళాయికి చుట్టిన ప్లాస్టిక్ కవరు విప్పలేదు. కొత్త కారు సీట్ల కవర్లు మూడేళ్లు విప్పని జాతి మనది, మూడు వారాల కుళాయిది విప్పుతామా? విప్పినా పెద్ద లాభం లేదు లెండి. కుళాయి ఉంది గానీ దానికి పైపు లేదు. పైపు కోసం కృప మూడు అర్జీలు పెట్టింది. మూడూ పరిశీలనలో ఉన్నాయి.

చెత్తకు నాలుగు రంగుల డబ్బాలు వచ్చాయి. మాసిపోతాయని చెత్త వేయనివ్వలేదు. చెత్త మామూలుగానే సిమెంటు సంచిలో పడింది. చేతులకు రాసుకునే శానిటైజరు, టీం వచ్చేలోగా తరిగిపోతుందని, బీరువాలో తాళం కింద భద్రంగా ఉంది. చేతులు కడిగే ఆరు పద్ధతులను సిబ్బంది అంతా రోజూ పొద్దున వరుసగా నిలబడి గాలిలోనే సాధన చేశారు. అదేదో కొత్త భజన అనుకుని భీమమ్మ రెండుసార్లు దండం పెట్టుకుంది.

కృప మాత్రం కింద సంపు నుంచి ఒక బక్కెట నీళ్లు మోసుకొచ్చి, ఆ ఒక్క బక్కెటతోనే పద్నాలుగు పుండ్లకు కట్లు కట్టేది. ఆఖరి పుండు మారెప్పది.

శనివారం సూపరింటెండెంట్ చంద్రశేఖర్‌గారు వార్డు చూడ్డానికి వచ్చారు. అప్పుడే తుడిచిన గచ్చు మీద మారెప్ప కుంటుకుంటూ బాత్‌రూమ్‌కు పోయి వచ్చాడు. గచ్చు మీద బొట్లు బొట్లుగా మరక. ఆయనకు ఒక్కసారిగా జ్ఞానోదయమైంది. మార్కులు కావాలంటే మరకలుండకూడదు. మరకలు చేసేదెవరు? రోగులు! ఆస్పత్రికి క్రిములు తెచ్చేదెవరు? రోగులు! అంటే ఆస్పత్రి శుభ్రతకు అడ్డమెవరు?

ఎంత గొప్ప సత్యమండీ! ఇన్నేళ్ల వైద్యశాస్త్రానికి తట్టిందా ఇది?

"అందరినీ మంత్రాలయం పంపిద్దాం. మా బావమరిది సత్రం ఖాళీగానే ఉంది. దర్శనం అయినట్టూ ఉంటుంది. కృపా, నువ్వూ వెంట వెళ్లు" అన్నారు.

భీమమ్మ లేచి నిలబడింది. "సోమవారం ఏలు తీస్తామంటిరి కదా సార్?"

"టీం పోయాక చూద్దాంలేమ్మా. వేలు ఎక్కడికి పోతుంది?"

"యాడికీ పోగూడదనే కదా సార్ నా బాధంతా!"

ఆయనకు వినబడలేదు. కడుక్కోవడానికి నీళ్లు లేవు గనుక చేతులు దులుపుకుని వెళ్లిపోయారు. లేవలేనివాళ్లను డిశ్చార్జి చేశారు. మిగిలిన పద్నాలుగు మందిని పడకల మీది నుంచి లేపి, నడకలో పెట్టి, బస్సెక్కించారు.

సత్రంలో గది గోడకు ఒక కుళాయి ఉంది. భీమమ్మ ఊరికే తిప్పి చూసింది. నీళ్లు బుస్సున దూకాయి. ఏదో పగలగొట్టినానేమోనని గబుక్కున కట్టేసింది. కృప వచ్చి మళ్లీ తిప్పింది. సబ్బు రాసుకుని, వేళ్ల సందులు, గోళ్ల కొనలు, మణికట్లు, ఆరు పద్ధతులూ నీళ్లతో చేసింది. గాలిలో నేర్చుకున్న ఈత ఏట్లో పనికొచ్చినట్టయింది.

"సిస్టరమ్మా, శేతులు అరిగిపోతాయేమో!" అంది భీమమ్మ.

"అరగనీలేక్కా. ఇన్ని నీళ్లు మల్ల యాడ దొరకాల?"

ఒక్కో కట్టుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కడిగింది. టీం రావడం నాలుగు రోజులు ఆలస్యమైంది. అన్ని రోజులూ కడిగింది. మూడోనాటికి మారెప్ప కాలి వాసన పోయింది. ఐదోనాటికి చీము పోయి, ఎర్రగా కొత్త కండ కనబడింది. భీమమ్మ ఆ వేలిని పురిటిబిడ్డను చూసినట్టు వంగి వంగి చూసింది.

ఇక్కడ ఆస్పత్రిలో టీం పెద్ద వెంకోబారావుగారు వచ్చారు. చేతిలో టాబ్లెట్. ఆ రోజు వార్డులో ఉన్న ఏకైక టాబ్లెట్ అదే! పడకల దగ్గర కుళాయి ఉందా? ఉంది. చెత్త డబ్బాలు శుభ్రమా? ముఖం చూసుకోవచ్చు. శానిటైజరు? బుడ్డీ నిండుగా. ఒకరి నుంచి ఒకరికి రోగం అంటిందా? అంటడానికి ఆ ఒకరెవరు, ఈ ఒకరెవరు? నూటికి తొంభై ఏడు! మిగిలిన మూడు మార్కులు రోగుల అభిప్రాయానికి. దానికి ఒక రోగి కావాలి.

జీపు పరుగెత్తింది. అందరిలో బాగా కోలుకున్నవాడని మారెప్పను, తోడుగా భీమమ్మను, కృపను తీసుకొచ్చారు. డాక్టరు కట్టు విప్పి చూసి, "వేలు తీయక్కర్లేదు" అన్నాడు. భీమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది.

చంద్రశేఖర్‌గారు ఉప్పొంగిపోయారు. "చూశారా సార్! మా ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ ఫలితం! చెప్పమ్మా, సార్‌కు చెప్పు, మన ఆస్పత్రి ఎట్లుందో."

"శానా మంచి ఆస్పత్రి సార్" అంది భీమమ్మ, కళ్లు తుడుచుకుని. "ఈడ పది దినాలున్న్యాం, చీము పట్టింది. మమ్మల్ని బయటికి తోలినారు, మానిపోయింది."

వెంకోబారావుగారు అద్దాలు సవరించుకున్నారు. "బయట ఏం మందు వాడారమ్మా?"

"మందు ఇదే సార్. ఆడ కుళాయి తిప్పితే నీళ్లొచ్చినాయి. సిస్టరమ్మ శేతులు కడుక్కున్యాది. అంతే."

కృప తల వంచుకుంది, నవ్వు కనబడకుండా. వెంకోబారావుగారు టాబ్లెట్‌ను పైకీ కిందికీ జరిపారు. కుళాయి ఉందా అనే ప్రశ్న ఉంది. నీళ్లు వస్తాయా అనే ప్రశ్న ఎక్కడా లేదు. లేని ప్రశ్నకు మార్కులు కోయడం నిబంధనలకు విరుద్ధం కదండీ! రోగి సంతృప్తిగా ఉన్నట్టు మూడు మార్కులూ వేశారు. అడుగున 'ఇతర సూచనలు' అన్నచోట బాగా ఆలోచించి, ఒక్క వాక్యం రాశారు:

"రోగులను తరచుగా మంత్రాలయం పంపుట వలన సత్ఫలితములు కలుగుచున్నవి."

నెల తిరక్కుండానే ఆస్పత్రికి బస్సు మంజూరైంది.