గొడవకు ఇద్దరు సాక్షులు

మంగళవారం పొద్దున వార్సియా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా సంతలో తెంపె, ఆకుల్లో కట్టి పులియబెట్టిన సోయా దిమ్మలు, అమ్మడం ముగించాలి. పదింటికి మతకోర్టుకు వెళ్ళి విడాకులకు అర్జీ పెట్టాలి. మధ్యాహ్నం నమాజు వేళకు ఇంటికొచ్చి, మర్నాటి తెంపెకు సోయా గింజలు నానబెట్టాలి. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురానికి రెండు గంటలు చాలనుకుంది. గింజలు నానడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది.

మొగుడు పార్జోనో తాగడు, కొట్టడు, ఇంకో ఆడదాని ఊసు లేదు. రైలు గేటు కాపలా ఉద్యోగం అయిపోయాక ఒక గువ్వను తెచ్చుకున్నాడు. దాని పంజరాన్ని ముంగిట్లో వెదురు గడ చివరికి తాడుతో ఎగరేసి కట్టాడు. రోజూ పొద్దునే కిందికి దించి, "తమరు రాత్రి సుఖంగా నిద్రించారా? కొర్రలు ఆరగిస్తారా?" అని దొరలను పలకరించినట్టు పలకరిస్తాడు. క్లాతెన్ చుట్టుపక్కల జావా మాటలో పెద్దలకు ఒక భాష, తక్కినవాళ్ళకు ఒక భాష. ఆ ఇంట్లో పెద్దల భాషంతా పిట్టకు పోయింది. వార్సియాకు మిగిలింది "ఊఁ" ఒక్కటే.

"టీ తాగుతావా?" అంటే ఊఁ. "నీ చెల్లెలికి ఒంట్లో బాగాలేదట" అంటే ఊఁ. పోయిన నెల ఆమె సంతలో జారిపడి మోకాలు చెక్కుకుని వచ్చి చూపిస్తే, అప్పుడూ ఊఁ. ఆ మధ్యాహ్నమే పిట్ట ఒకసారి తుమ్మిందని అతను పశువుల డాక్టరు దగ్గరికి సైకిలు తొక్కాడు. వార్సియా అర్జీ పెట్టాలని అనుకున్నది ఆ రోజే.

కోర్టులో అర్జీలు రాసిపెట్టే బల్ల దగ్గర కళ్ళజోడు గుమాస్తా ఉన్నాడు.

"కారణం చెప్పండమ్మా."

"పిట్టను తమరు అంటాడు. నన్ను ఊఁ అంటాడు."

గుమాస్తా కాగితాన్ని పైనుంచి కిందికి చదివాడు. "దానికి ఇందులో చోటు లేదమ్మా. ఎడతెగని గొడవలు అని ఉంది. అది రాయనా?"

"గొడవ పడాలంటే మాట్లాడాలి కదయ్యా."

"అదంతా జడ్జీలు చూసుకుంటారు. మీరు ఇద్దరు సాక్షుల్ని తెచ్చుకోండి. మీ గొడవ వాళ్ళు కళ్ళారా చూసుండాలి, చెవులారా వినుండాలి. ఎవరో చెప్పగా విన్నామంటే చెల్లదు."

కోర్టు కాగితం పోస్టులో పార్జోనో పేరుమీద వచ్చింది. అతను దాన్ని రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, పంజరం అడుగున పరిచాడు. పిలిచిన రోజున మాత్రం ఇస్త్రీ చేసిన బతిక్ అద్దకం చొక్కా తొడుక్కుని వచ్చాడు. రాజీ గదిలో మధ్యవర్తి ముప్పావుగంట సేపు కాపురం గొప్పదనం చెప్పాడు. పార్జోనో పదకొండుసార్లు ఊఁ అన్నాడు. చర్చలు ప్రశాంతంగా సాగినవని, రాజీ కుదరలేదని మధ్యవర్తి రాసుకున్నాడు. సాక్షులతో వచ్చే బుధవారం రమ్మన్నారు.

వార్సియా తిన్నగా పక్కింటికి వెళ్ళింది. బు కస్మీ, అంటే కస్మీ అమ్మగారు, మెట్టుమీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. వీధిపెద్ద తుగిమన్‌గారు, అక్కడివాళ్ళ నోట పాక్ తుగిమన్, కూడా ఏదో చందా పనిమీద అక్కడే ఉన్నాడు.

"సాక్ష్యానికా? నీకోసం రానా ఏంటి," అంది కస్మీ. "కాని వార్సియా, నెత్తిమీద ఖురాను పట్టి ప్రమాణం చేయిస్తారు. మీరు గొడవపడగా నేనెప్పుడూ చూడలేదే. అబద్ధమాడి నరకానికి పొమ్మంటావా?"

"నేనూ చూడలేదు," అన్నాడు తుగిమన్. "వీధి మొత్తానికి పేచీలేని ఇల్లు మీదేనని పోయినేడు మండలాఫీసుకు రాసి పంపింది నేనే."

"అయితే చూపిస్తాను. గురువారం నాలుగింటికి రండి."

ఇంటికెళ్ళి మొగుణ్ణి ఎప్పటి పిలుపుతోనే పిలిచి చెప్పింది. "పాక్నే, గురువారం నాలుగింటికి మనం గొడవపడాలి. ఎక్కడికీ వెళ్ళకు."

"ఊఁ," అన్నాడు పార్జోనో.

పిలిచింది ఇద్దరినే. కాని ఇంటికి పిలిచినవాళ్ళకు ఏమీ పెట్టకుండా గొడవపడటం మర్యాద కాదు కాబట్టి, వార్సియా వేరుశనగ చెక్కలు వేయించింది. నూనె వాసనకు ఎదురింటివాళ్ళు సంగతేమిటని అడిగారు. బు కస్మీ అబద్ధమాడదు. మూడింటికల్లా ఆడవాళ్ళు పళ్ళేలలో పచ్చడన్నం, ఉడికించిన కర్రపెండలం పట్టుకుని దిగారు. తుగిమన్ వీధి చాపలూ ముప్పై కుర్చీలూ పంపించాడు. పెళ్ళిళ్ళకు షామియానా వేసే అతను వచ్చి మైకు కావాలా అని అడిగాడు.

"వద్దు, బాగానే అరుస్తాను," అంది వార్సియా.

నాలుగింటికి తుగిమన్ లేచి, పిలుపు మన్నించి వచ్చినవారందరికీ ధన్యవాదాలు చెప్పి, కార్యక్రమం ఏ ఆటంకమూ లేకుండా జరగాలని దువా చేయించి కూర్చున్నాడు.

వార్సియా నడుముకు చేతులు పెట్టుకుని, రెండు రోజులుగా తెంపె కడుతూ వల్లెవేసిన మాటలు అందుకుంది. "పాక్నే, నువ్వు మనిషివా, మానువా? ఈ ఇంట్లో నాకన్నా పిట్టే ఎక్కువా?"

ముప్పై కుర్చీల నిండా అతిథులు. అంతమంది ఎదుట పెళ్ళాంతో ఏకవచనంలో మాట్లాడేటంత మొరటువాడు కాడు పార్జోనో. చేతులు కట్టుకుని వంగి, "తమరికి నావల్ల మనస్తాపం కలిగినట్టుంది. పెద్ద మనసుతో క్షమించాలి," అన్నాడు.

ఆడవాళ్ళు మెచ్చుకోలుగా తలలూపారు. ఒకామె తన మొగుణ్ణి మోచేత్తో పొడిచి, "విను, నేర్చుకో," అంది.

ముప్పై ఒక్క ఏళ్ళు ఎదురుచూసిన మాట, అక్కర్లేని రోజున, అతిథులకు చూపించడానికి వచ్చింది. వార్సియాకు కళ్ళు తిరిగేంత కోపం వచ్చింది. వల్లెవేసినదంతా మరిచిపోయింది. గడ దగ్గరికి పోయి తాడు ముడి లాగేసింది.

పంజరం సర్రున జారి చెక్కల పళ్ళెంలో పడింది. తలుపు ఊడింది. గువ్వ బయటికొచ్చి, ఒకసారి అందరినీ చూసి, కస్మీ ఇంటి పెంకులమీదికి ఎగిరిపోయింది.

అప్పుడు పార్జోనో నోరు తెరిచాడు.

"ఏమే, నీకు కళ్ళు నెత్తికెక్కాయా? పిట్టతో ఎందుకు మాట్లాడతానో ఏనాడైనా అడిగావా? అది నా మొహం వైపు చూస్తుంది కాబట్టి. నువ్వు తెల్లారి మూడింటికి లేచి గింజల మొహం చూస్తావు. ఉద్యోగం అయిపోయిన రోజున వచ్చి చెప్తే, జరుగు, ఆకులు తొక్కుతున్నావు అన్నావు. ఆ రోజు నుంచి నేను జరుగుతూనే ఉన్నాను."

"ఇన్నేళ్ళు దాచుకున్నావా? నోరు లేదా నీకు? మోకాలు చీరుకుపోతే ఊఁ అన్నవాడివి."

"మందు తెచ్చి గోడ గూట్లో పెట్టాను. చూశావా?"

"పెడితే సరా? పెట్టానని చెప్పవా?"

గొడవ అరగంట సాగింది. వీధిలో అంత మంచి గొడవ ఎన్నడూ జరగలేదు. కాని అతిథులు పద్ధతి తెలిసినవాళ్ళు. మొగుడూ పెళ్ళాల అసలు గొడవను తేరిపార చూడటం వాళ్ళ ఇళ్ళలో లేదు. మొదటి మాటకే అందరూ తలలు దించి పళ్ళేలలోకి చూడటం మొదలుపెట్టారు. కొందరు చెక్కలు గట్టిగా నమిలారు. తర్వాత ఒక్కొక్కరే చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు లేకుండా వెళ్ళిపోయారు.

చీకటి పడే వేళకు గువ్వ తనంతట తానే వచ్చి పంజరంలో కూర్చుంది. దాన్ని ఎవరూ పలకరించలేదు.

బుధవారం కోర్టులో ముగ్గురు జడ్జీలు కూర్చున్నారు. నడిమి కుర్చీలో ఉన్న ఆవిడ అడిగింది. "గురువారం వీళ్ళ గొడవ చూశారా?"

"గొడవకు పిలిస్తే వెళ్ళానండి," అన్నాడు తుగిమన్. "కాని ఆ సమయంలో చెక్కలవైపు చూస్తున్నాను."

"విన్నారా?"

"చెక్క కరకరలాడింది. అది విన్నాను."

బు కస్మీ ప్రమాణం చేసి, పార్జోనో భార్యను తమరు అని పిలవడం మాత్రం చెవులారా విన్నానని చెప్పింది. అదే నిజం.

జడ్జి పార్జోనో వైపు తిరిగింది. "విడాకులు మీకు సమ్మతమేనా?"

"ఊఁ."

"అంటే సమ్మతమా, కాదా?"

"ఊఁ."

జడ్జి కలం కింద పెట్టింది. ఎటూ తోచక వార్సియాను అడిగింది. "అమ్మా, మీ ఆయన ఏమంటున్నాడు?"

"మొదటిది ఒప్పుకోలేదనండి," అంది వార్సియా. "ఒప్పుకుంటే ఊఁ పొట్టిగా ఉంటుంది. రెండోది ఆకలి. పొద్దుట్నుంచి ఏం తినలేదు. కోర్టంటే భయం."

జడ్జీలు ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. గొడవ రుజువు కానందున అర్జీ కొట్టివేయడమైనదని చదివి వినిపించారు. నచ్చకపోతే పద్నాలుగు రోజుల్లో పైకోర్టుకు పోవచ్చన్నారు. వార్సియా వేళ్ళమీద లెక్కపెట్టుకుంది.

మర్నాడు తెల్లవారుజామున మూడింటికి ఆమె గింజల ముందు కూర్చుని ఉండగా, వెనకనుంచి టీ గ్లాసు చప్పుడైంది.

"తమరు టీ సేవిస్తారా?"

పిట్ట ఎక్కడైనా ఉందేమోనని వార్సియా అటూ ఇటూ చూసింది. గడ చివర పంజరం ఇంకా గుడ్డ కప్పుకునే ఉంది. ఆమె గింజలు వదిలేసి అతని మొహం చూసింది.

"ఊఁ," అంది.