తోడల్లుళ్ళ కోత

ఆ రోజు పొద్దున పెద్దల్లుడి పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు లేవాలి, ఇనుప తీగ ముక్క ఒకటి జేబులో వేసుకోవాలి, మామగారి షెడ్డులో ఉన్న తోడల్లుడి కొత్త కోతమిషన్‌కి చిన్న ఉపకారం చేసి రావాలి, ఆ తరువాత ఏమీ ఎరగనట్టు కూర్చుని కాఫీ తాగాలి.

ఆ కొత్త మిషన్ వచ్చిన దగ్గర్నుంచి అతని కంటి మీద కునుకు లేదు. అతనిదీ కోతమిషనే, కాకపోతే పాతది. నేల ఎత్తుపల్లాలను బట్టి ముందున్న కట్టర్‌ని పైకీ కిందికీ ఆడించడానికి కుడిచెయ్యి ఎప్పుడూ లివర్ మీదే ఉండాలి. సోయా కాయ నేలకు దగ్గరగా కాస్తుంది. కట్టర్ లేస్తే కాయ చేలోనే మిగిలిపోతుంది, దిగితే మిషన్ మన్ను తింటుంది. ఆ రెంటికీ మధ్య నడిపించడమే విద్య. ఆ విద్యతోనే ఇన్నేళ్ళూ అత్తారింట్లో అతని మాట చెల్లింది. ఇప్పుడు చిన్నల్లుడు ఆటోమేటిక్ హైట్ కంట్రోల్ ఉన్న మిషన్ కొన్నాడు. కట్టర్ అడుగున వేలాడే సెన్సర్ కడ్డీలు నేలను తడుముకుంటూ పోతాయి. నేల ఎత్తైన చోట కడ్డీలు పైకి జరుగుతాయి, వాటితో పాటు కట్టరూ తనంతట తానే లేస్తుంది.

"మరిది కాలు మీద కాలేసుకుని బిస్కెట్లు తింటూ కోస్తాడట. చెల్లి చెప్పింది," అంది ముందు రోజు భార్య.

"తిననీ. అరక్క చస్తాడు."

"మీకు కుళ్ళండీ."

"నాకా? వాణ్ణి చూసా?" అని పెద్దల్లుడు నవ్వబోయాడు గానీ మూతి సహకరించలేదు.

మామగారి సోయా చేను కోతకు ఇద్దరూ మిషన్లతో దిగారు. కోత చూడటానికి చుట్టుపక్కల రైతులంతా వస్తున్నారు. ఈ ఏడు తమ చేలకు ఎవరి మిషన్ మాట్లాడుకోవాలో అక్కడే తేల్చుకుంటారట. అందుకే ఈ తీగ ముక్క. సెన్సర్ కడ్డీలను పైకెత్తి కట్టేస్తే చాలు, నేల తన మీదికొచ్చేస్తోందని మిషన్ హడలిపోయి కట్టర్‌ని ఎత్తుతూనే ఉంటుంది. పెద్దల్లుడు కట్టర్ కిందికి దూరి శ్రద్ధగా కట్టాడు, లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. అవతల, అదే షెడ్డులో ఉన్న పెద్దల్లుడి పాత మిషన్ చాటు నుంచి చిన్నల్లుడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం అన్నయ్యా, ఇంత పొద్దున్నే?"

"చల్లగాలికి. నువ్వో?"

"నేనూ గాలికే."

ఇద్దరూ ఆ డీజిల్ వాసననే గుండెల నిండా పీల్చుకుని కాఫీకి నడిచారు.

చేను దగ్గర గట్టు పొడుగునా జనం. మామగారు తలగుడ్డ సర్దుకుని ముందుకొచ్చారు.

"అల్లుళ్ళూ, నాదో ఆలోచన. ఎవరి మిషన్ వాళ్ళు నడిపితే గొప్ప మిషన్‌దో మనిషిదో తెలిసి చావదు. కొత్తది పెద్దాయన ఎక్కుతాడు, పాతది చిన్నాయన ఎక్కుతాడు."

పెద్దల్లుడు ఒక అడుగు వెనక్కి వేశాడు. "మామయ్యా, నాకు దాని బటన్లు తెలీవు..."

"నీకు తెలియక్కర్లేదు, దానికి తెలిస్తే చాలు. లివర్ మాత్రం ముట్టుకోకు. అది దానంతట అది ఏం చేస్తుందో వీళ్ళు చూడాలి."

చిన్నల్లుడు కూడా పాత మిషన్ వైపు చూసి చేతులు జోడించాడు. "నేను పాతది నడపలేను మామయ్యా. అన్నయ్య చెయ్యి నాకెక్కడిది?" అన్నాడు. వినయం ఒలకబోస్తున్నాడనుకుని పెద్దల్లుడికి ఒళ్ళు మండింది.

మిషన్లు కదిలాయి. కొత్త మిషన్ కట్టర్ నాలుగు బారలు పోయేసరికి మోకాలెత్తు లేచింది, తరువాత నడుమెత్తు. కొన రెమ్మలు మాత్రం సుతారంగా కత్తిరించింది. కాయలన్నీ మొక్కలకు వేలాడుతూ వెనక మిగిలాయి.

"అదేంటయ్యా, పంట కోస్తున్నాడా, క్రాపు చేస్తున్నాడా?" అన్నాడు గట్టు మీద ఒకాయన.

దిగి తీగ విప్పాలంటే అందరి కళ్ళూ తన మీదే. పెద్దల్లుడు నుదుటి చెమట తుడుచుకుని, తన పరువు ఎలాగూ పోయింది, వాడి మిషన్ పరువైనా పోతోంది కదా అని సర్దిచెప్పుకున్నాడు. అంతలో పక్కనుంచి కరకరమని చప్పుడు. తన పాత మిషన్! దాని కట్టర్ అంతకంతకూ కిందికి జారి నేలను దున్నేస్తోంది. మట్టిగడ్డలు, రాళ్ళు, వేళ్ళతో సహా మొక్కలు లోపలికి పోతున్నాయి. చిన్నల్లుడు రెండు చేతులతో లివర్‌ని పట్టుకుని వేలాడుతున్నాడు.

"ఎత్తరా! పైకెత్తు! నా మిషన్!" అని పెద్దల్లుడు గొంతు చించుకున్నాడు.

"నువ్వు దించు అన్నయ్యా! ఆకాశాన్ని కోస్తావా?"

పాత మిషన్ పెద్ద రాయిని కొరికి ఆగిపోయింది. కొత్తది ఆపడానికి పెద్దల్లుడు దొరికిన బటనల్లా నొక్కాడు. లైట్లు వెలిగాయి, హారన్ మోగింది, చిట్టచివరికి ఇంజన్ ఆగింది.

మామగారు ముందు కొత్త మిషన్ కట్టర్ కిందికి వంగి చూశారు. "ఈ తీగేమిటి?"

"ఎలుకలు లాక్కొచ్చి ఉంటాయి మామయ్యా," అన్నాడు పెద్దల్లుడు.

"ముడి కూడా వేశాయే!"

చిన్నల్లుడు పరుగున వచ్చి తీగను చూశాడు, పెద్దల్లుణ్ణి చూశాడు. ఇక కాలర్ పట్టుకుంటాడని పెద్దల్లుడు కళ్ళు మూసుకున్నాడు.

"అన్నయ్యా... నువ్వు కూడానా?" అన్నాడు చిన్నల్లుడు, పెద్ద బరువు దిగినవాడిలా.

గట్టు మీద జనం ఒకడుగు ముందుకు జరిగారు.

"నువ్వు కూడా అంటే?"

"నీ లివర్ కింద బోల్టు వదులు చేసింది నేనే. ఏం చెయ్యను మరి? పెళ్ళయిన దగ్గర్నుంచి మా ఆవిడది ఒకటే పాట. 'బావ కోస్తే చేను చాప పరిచినట్టుంటుంది, మీరు కోస్తే పందులు తిరిగినట్టుంటుంది.' చేత్తో నీలా రాదని తెలిసే గదా, ఆ ఆటోమేటిక్ కొనుక్కుంది!"

పెద్దల్లుడికి కోపం రావాల్సింది, రాలేదు. చెవుల్లో తేనె పోసినట్టయింది. ఇంకోసారి చెప్పించుకోవాలనిపించింది. "పందులు తిరిగినట్టని అందా?" అని మెల్లగా అడిగాడు.

"రోజూ అంటుంది."

రైతులు పంచెలు దులుపుకుని లేచారు. ఇద్దరి పనితనమూ చూశామని, ఆలోచించుకుని కబురు చేస్తామని మర్యాదగా చెప్పి, దారిలో అవతలి ఊరి మిషన్ గురించి మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. మామగారు అల్లుళ్ళను అక్కడే ఉండమన్నారు. ఇంటికి వెళ్ళి రెండు కొడవళ్ళు తెచ్చి చెరొకటి చేతిలో పెట్టారు.

చేను కొస వరకూ పక్కపక్కనే వంగి కోయాలి. పెద్దల్లుడికి మనసు తేలికపడింది. తోడల్లుడంటే మొదటిసారి ప్రేమ లాంటిది కూడా కలిగింది. ఆ ప్రేమతోనే ఓరగా అటు చూశాడు.

చిన్నల్లుడికిచ్చిన కొడవలికి పదును కాస్త ఎక్కువున్నట్టు కనిపించింది.