నిశ్చింత పథకం తొలి జంట

ఆరోగ్య మంత్రిగారు ఆ సోమవారం పొద్దున విలేకరుల ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, చరిత్ర సృష్టిస్తున్నట్టు ప్రకటించారు. చరిత్ర సృష్టించడం ఆయనకి అలవాటే. అంతకు ముందు వారం దోమల విషయంలో సృష్టించారు.

"ఇవాళ్టి నుంచి మన దేశంలో మగ జంటలెవరూ ఆ భయంతో బతకక్కర్లేదు. రోజుకో మాత్ర. పూర్తిగా ఉచితం. పథకం పేరు నిశ్చింత. ఇంత ధైర్యం చేసిన ప్రభుత్వం ప్రపంచంలో ఇంకోటి లేదు" అన్నారు.

"ఏ భయమండీ?" అని ఒక విలేకరి అడిగాడు.

"ఆ భయమే" అన్నారు మంత్రిగారు, తడుముకోకుండా.

"అంటే హెచ్‌ఐవీ..."

"పేరు పెట్టి పిలిచే సంస్కృతి మా ప్రభుత్వానికి లేదు."

అధికారులంతా చప్పట్లు కొట్టారు.

ఈ చప్పట్లు డ్రైవింగ్ స్కూల్ మాస్టారు తన ఆఫీసులో టీవీలో విన్నాడు. క్లచ్ ఎప్పుడు వదలాలో ఎంత చెప్పినా తలకెక్కని ఒక బ్యాంకు మేనేజరు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఆయన్ని ఆ పూటకి పంపించేసి మాస్టారు టీవీ సౌండు పెంచాడు. ఆ మాత్ర సంగతి ఆయనకి ఎప్పట్నుంచో తెలుసు. హెచ్‌ఐవీ లేనివాళ్ళు రాకుండా ముందే వేసుకునే మాత్ర అది. అడగాల్సిన మనిషిని అడిగే ధైర్యం లేక ఇన్నాళ్ళూ ఊరుకున్నాడు.

ఆ మనిషి అద్దాలాయన. కళ్ళజోళ్ళ షాపు ఆయనది. షాపు పైన రెండు గదుల్లో ఇద్దరూ కలిసి ఏడేళ్ళుగా కాపురం ఉంటున్నారు. అద్దాలాయన అప్పుడప్పుడూ ఫ్రేములు కొనడానికి మహానగరం వెళ్తాడు. మాస్టారు అప్పుడప్పుడూ లారీ డ్రైవర్లకి ఘాట్ రోడ్డు ట్రైనింగని వెళ్తాడు. వెళ్ళొచ్చినవాణ్ణి రెండోవాడు ఏమీ అడగడు. వచ్చినవాడు ఏమీ చెప్పడు. ఆ ఇంట్లో శాంతికి అదే పునాది.

సాయంత్రం మాస్టారు కాఫీ కలిపి ఇస్తూ, గాలివాటుగా అన్నట్టు అన్నాడు.

"ఆ మాత్రలు మనం కూడా తీసుకుంటే ఎలా ఉంటుందంటావ్?"

కళ్ళద్దం తుడుస్తున్న అద్దాలాయన ఆగాడు.

"ఎందుకు?"

"ఊరికే ఇస్తున్నారుగా."

"రేపు ఊరికే ఆపరేషన్ చేస్తామంటారు. వెళ్ళి పొట్ట కోయించుకుంటావా?"

"అది కాదోయ్, జాగ్రత్త కోసం. సీటు బెల్టు పెట్టుకుంటే డ్రైవర్ని తిట్టినట్టా?"

"రోడ్డు మీద కాదు. ఇంట్లో సోఫాలో కూర్చుని సీటు బెల్టు పెట్టుకుంటే మాత్రం, ఇంట్లోవాళ్ళని తిట్టినట్టే."

ఎంతోమందికి డ్రైవింగ్ నేర్పిన మాస్టారు, కలిపేసిన తన కాఫీని మళ్ళీ కలపసాగాడు.

"నామీద అనుమానమా? లేక నాకు నీమీద రావాలా?" అన్నాడు అద్దాలాయన.

"వదిలెయ్. ఏమీ లేదు."

వదిలేశారు. రెండ్రోజులు ఆ ఇంట్లో మాటల్లేవు. ఉప్పు కావాలంటే డబ్బా ఎవరి చేతికి దగ్గరుందో వాళ్ళు జరిపేవాళ్ళు.

మూడో రోజు మైకు వచ్చాడు. వార్డులో పార్టీ కార్యకర్త. మంత్రులు మాట్లాడే ముందు మైకు తట్టి, "హలో, హలో" అని చూసేవాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. పార్టీకి అతను చేసిన త్యాగాలు ఇన్నీ అన్నీ కావు. ఒకసారి షాక్ కూడా కొట్టింది.

"మాస్టారూ, పరువు నిలబెట్టాలి. శుక్రవారం మంత్రిగారి చేతుల మీదుగా పథకం ప్రారంభం. ఊరంతా గాలించాం, ఒక్క జంట దొరకలేదు. జంటలైనవాళ్ళు కాదంటున్నారు. కానివాళ్ళు భోజనం పెడతారా అని అడుగుతున్నారు."

"మా సంగతి నీకెలా తెలుసు?"

"భలేవారే. మీ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. తెలుసని ఒకరికొకరు చెప్పుకోరు, అంతే. అందుకే ఊరు ప్రశాంతంగా ఉంది."

అద్దాలాయన లోపల్నుంచి వచ్చాడు. "మేం రాం."

"జంటగా రావాలండి. కానీ జంటలా కనబడకూడదు. వచ్చేవాళ్ళంతా ఫ్యామిలీలతో వస్తారు."

"ఎలా కనబడినా మేం రాం."

మైకు ఒక్క క్షణం ఆలోచించాడు. నాయకుడయ్యే లక్షణాలన్నీ అతనిలో ఉన్నాయి.

"పోనీ మాస్టారొక్కరూ ఒప్పుకున్నా చాలండి. రెండో మనిషిని పార్టీ సర్దుతుంది. మా యువజన కార్యదర్శి ఖాళీగానే ఉన్నాడు. మనిషి కూడా బావుంటాడు."

"ఏం అక్కర్లేదు" అన్నాడు అద్దాలాయన. "నేనొస్తా."

ఆ రోజే మైకు వాళ్ళిద్దర్నీ ఆరోగ్య శాఖ ఆఫీసుకి తీసుకెళ్ళాడు. అక్కడ పథకం అధికారి కొత్త కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. కదిలినప్పుడల్లా అది ప్రభుత్వం పనిచేస్తున్న చప్పుడు చేస్తోంది.

"మీకు ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉందా?" అని అడిగాడు.

"ఉందండి" అన్నాడు అద్దాలాయన, పౌరుషంగా.

"అయితే మాత్ర అవసరం లేదు. తర్వాతి వాళ్ళు రండి."

"లేదండీ లేదండీ" అన్నాడు మాస్టారు గబుక్కున.

"నమ్మకం లేనప్పుడు మీరు జంటెలా అవుతారు? పథకం జంటలకి. తర్వాతి వాళ్ళు రండి."

వాళ్ళ వెనక ఎవరూ లేరు. అయినా అధికారి తలుపు వైపు చూస్తూ కాసేపు ఓపిగ్గా ఎదురుచూశాడు. ఆ క్రమశిక్షణ చూసి మాస్టారికి గౌరవం కలిగింది.

మైకు వంగి అధికారి చెవిలో ఏదో చెప్పాడు. కుర్చీ కవరు గట్టిగా చప్పుడు చేసింది.

"మంత్రిగారి ప్రోగ్రామా! ముందే చెప్పరేం? అలా అయితే నమ్మకం ఉండీ లేనట్టు ఉందని పెడతాను. వెళ్ళి రక్తపరీక్ష చేయించుకోండి."

ఆస్పత్రిలో రక్తం ఇచ్చి, ఫలితం కోసం ఇద్దరూ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. మైకు టీకి వెళ్ళాడు. అద్దాలాయన తన కళ్ళజోడు తీసి తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. ఏడేళ్ళలో అద్దాలాయన ఒకే అద్దాన్ని రెండుసార్లు తుడవడం మాస్టారు చూడలేదు.

"ఏమైంది?"

"నేను మహానగరం వెళ్ళేది... ప్రతిసారీ ఫ్రేముల కోసమే కాదు."

"తెలుసు."

"తెలుసా?"

"పోయినసారి మూడ్రోజులుండి ఒక్క ఫ్రేమూ తేలేదుగా. నాది మాత్రం? ఇక్కడ చుట్టుపక్కల ఘాట్ రోడ్డే లేదు."

అద్దాలాయనకి నవ్వు రాబోయి ఆగిపోయింది. "పరీక్షలో ఏదైనా తేలితే? నావల్ల నీకు..."

"తేలితే ఇద్దరం కలిసి మందులు వాడదాం. దానికీ మందులున్నాయి. నువ్వు ఆ కళ్ళజోడు వదిలెయ్, నాకు భయమేస్తోంది."

వెనకటిలా ఉప్పు డబ్బా జరిపినట్టే, మాస్టారు తన చెయ్యి బెంచీ మీద కొంచెం అటు జరిపాడు. అద్దాలాయన దాన్ని పట్టుకున్నాడు. అటుగా వెళ్తున్న వార్డు ఆయా చూసి, ఎవరో పోయారనుకుని, ఓదార్పుగా తలూపి వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ పిలిచింది. ఇద్దరికీ ఏమీ లేదంది. రోజూ ఒకటి మానకుండా వేసుకోవాలని, మూడు నెలలకోసారి పరీక్షకి రావాలని, మిగతా సుఖరోగాల్ని ఇది ఆపదు కాబట్టి కండోమ్ మర్చిపోవద్దని చెప్పింది.

"డాక్టరుగారూ, ఇది వేసుకుంటే ఒకరి మీద ఒకరికి అనుమానం ఉన్నట్టాండీ?" అని అడిగాడు అద్దాలాయన.

"మాత్రకి అవన్నీ తెలీవండీ. వైరస్ వస్తే ఆపుతుంది, అంతే" అందావిడ.

శుక్రవారం సభ అట్టహాసంగా జరిగింది. స్టేజీ వెనక మంత్రిగారు, "జంట ఏరయ్యా?" అన్నారు.

"వీళ్ళేనండి" అన్నాడు మైకు.

మంత్రిగారు ఇద్దరినీ పరిశీలనగా చూశారు. "వీళ్ళలో ఇంటావిడ తరఫు ఎవరు? ముందు వాళ్ళకివ్వాలి. ఆడవాళ్ళని గౌరవించడం మా పార్టీ విధానం."

"వంట నేనండి" అన్నాడు అద్దాలాయన. "బల్బు మార్చేదీ నేనే."

"ఇస్త్రీ నాదండి" అన్నాడు మాస్టారు. "గ్యాసు బండ మోసేదీ నేనే."

మంత్రిగారు కళ్ళు మూసుకుని లోతుగా ఆలోచించారు. పరిపాలనా దక్షత అలాంటప్పుడే బయటపడుతుంది. రెండు చేతులతో రెండు డబ్బాలు ఒకేసారి ఇచ్చారు. కెమెరాలు మెరిశాయి. వ్యాఖ్యాత మైకులో, "తొలి డబ్బాలు అందుకున్న ఆదర్శ అన్నదమ్ములు!" అని ప్రకటించింది.

"ఈ ఇద్దరూ మూడు నెలల్లో ఎలా మారిపోతారో మీరే చూస్తారు" అన్నారు మంత్రిగారు. జనం ఈలలు వేశారు. మంత్రులు చెప్పే ప్రతి మాటకీ అర్థం వెతక్కూడదని మాస్టారు ఊరుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి అద్దాలాయన అక్క ఫోన్ చేసింది. మాస్టారు ఎత్తాడు.

"టీవీలో చూశాను. మీరిద్దరూ అన్నదమ్ములంట? నాకు తెలీకుండా మా అమ్మ నిన్నెప్పుడు కన్నది?"

మాస్టారు ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆవిడ ఆయన్ని "మాస్టారుగారూ" అని మాత్రమే పిలిచేది, అదీ వాకిట్లోంచే.

"సరేలే, కన్నదనే అనుకుంటాను. ఆదివారం ఇద్దరూ భోజనానికి రండి తమ్ముడూ. ఆ మందు తిన్నాక వేసుకోవాలా, తినకముందా?"

"ఎప్పుడైనా పర్లేదక్కా" అన్నాడు మాస్టారు.

ఆ తర్వాత రోజులు హాయిగా గడిచాయి. పొద్దున కాఫీతోపాటు ఇద్దరూ చెరో మాత్ర వేసుకునేవాళ్ళు. అద్దాలాయన ఊరెళ్ళేముందు "ఈసారి నిజంగా ఫ్రేములకే" అనో, "చెప్పలేను" అనో చెప్పి వెళ్ళేవాడు. చెప్పడం మొదలయ్యాక వెళ్ళడం తగ్గింది. మాస్టారైతే ఘాట్ రోడ్డు ట్రైనింగు ఎత్తేశాడు.

మూడు నెలలయ్యాక పథకం అధికారి ఇద్దరు కమిటీ సభ్యులతో సమీక్షకి వచ్చాడు. మాస్టారు కుర్చీలు వేశాడు. అద్దాలాయన కొత్త పరీక్ష ఫలితాలు గర్వంగా చేతికిచ్చాడు. ఇద్దరికీ ఏమీ లేదు. అధికారి వాటిని చూడకుండానే పక్కన పెట్టాడు.

"రోజూ వేసుకుంటున్నారా?"

"ఒక్క రోజు కూడా మానలేదండి."

అధికారి లేచి వెళ్ళి పడగ్గదిలోకి తొంగి చూశాడు. సభ్యులిద్దరూ తొంగి చూశారు.

"మంచం ఒకటేనా?"

"ఒకటేనండి."

"అంటే... ఇంకా కలిసే ఉంటున్నారా?"

"ఉంటున్నామండి."

అధికారి ముఖం వాడిపోయింది. గొంతు తగ్గించి, "పోనీ, దారిలో ఎవరైనా అమ్మాయి ఎదురైనప్పుడు... లోపల కొంచెమైనా కదలిక?" అని అడిగాడు.

మాస్టారు అద్దాలాయన వైపు చూశాడు. అద్దాలాయన మాస్టారి వైపు చూశాడు.

"లేదండి" అన్నారు ఇద్దరూ.

అధికారి ఫోన్ తీసి, అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"సార్, రోజూ వేసుకుంటున్నారు సార్... లేదు సార్, అస్సలు తగ్గలేదు. వెనకటి కంటే ఎక్కువైనట్టుంది సార్... సరే సార్... తప్పకుండా సార్."

ఫోన్ జేబులో పెట్టుకుని, పరామర్శకి వచ్చినవాడిలా మాస్టారి భుజం మీద చెయ్యేశాడు.

"మంత్రిగారు మిమ్మల్ని అధైర్యపడొద్దన్నారు. డోసు పెంచుతున్నారు."