మూడొందల జిందాబాద్

ఆదివారం పొద్దున్నే మటన్ తెచ్చి భార్య సునందకు అప్పగించి, కడుపునిండా తిని, సాయంత్రం దాకా నడుం వాల్చాలన్నది ప్రేమ్‌సాగర్ పథకం. ఎన్నికలు లేవు, పాదయాత్రలు లేవు, ఏ నాయకుడి పుట్టినరోజూ దగ్గర్లో లేదు. ఇల్లందు చుట్టుపక్కల ఏ పార్టీ సభ పెట్టినా, జనాన్ని డీసీఎం వ్యాన్లు ఎక్కించి తోలుకెళ్లేది అతనే. మనిషికి మూడొందలు, ఓ బిర్యానీ పొట్లం. పార్టీ ఏదన్న పట్టింపు లేదు. అంతటి సమదృష్టి రుషులకు కూడా ఉండదు.

డిగ్రీ చదివే కూతురు హర్షితకు మాత్రం ఈ పని తలవంపుగా ఉండేది. స్నేహితులు అడిగితే "మా నాయనది ట్రాన్స్‌పోర్టు" అని తప్పించుకునేది. ఆ సంగతి ప్రేమ్‌సాగర్ చెవిన పడి ఏడాదయింది. అప్పట్నుంచీ లోపల గుచ్చుకుంటూనే ఉంది.

ఆ పొద్దున హర్షిత ఫోన్ పట్టుకొని వచ్చింది.

"నాయనా, నాలుగు గంటలకు ఖమ్మంల వాతల వంశీ షో ఉంది. మా ఫ్రెండ్సందరు పోతున్నరు. టికెట్ పన్నెండు వందలు."

వాతల వంశీ నాయకుల మీద జోకులేసి యూట్యూబులో పేరు తెచ్చుకున్న కుర్రాడు.

"నాయకులను తిట్టేది వినేటందుకు పన్నెండు వందలా?" ప్రేమ్‌సాగర్ అదిరిపడ్డాడు. "హోటల్ల పది రూపాయలకే తిడ్తరు. పైకెల్లి చాయ్ గూడ పోస్తరు."

"తిట్టుడు కాదు నాయనా, కామెడీ. ఆయన ఎవ్వరికీ భయపడడు. ఎవ్వరికీ అమ్ముడుపోడు."

"అమ్ముడుపోనోనికి టికెట్ ఎందుకే మరి?"

హర్షిత మొహం ముడుచుకొని లోపలికి పోయింది. "ఎన్నడన్న ఏమన్న అడిగిందా ఆ పిల్ల?" అని వంటింట్లోంచి సునంద గరిటె శబ్దంతో సహా అడిగింది.

పావుగంటకు ఫోన్ మోగింది. ఆ షో పెడుతున్న శివకుమారే.

"అన్నా, రెండొందల ఇరవై కుర్చీలేసిన. డెబ్బై టికెట్లే పోయినయ్. కెమెరాలొస్తున్నయ్. ఖాళీ కుర్చీలు కనబడితే నా పని ఖతం. జల్దీ నూట యాభై మందిని తోలుకరా."

"తెస్త. గని మొదటి వరుసల ఒక టికెట్ నాకు ఊకెనే ఇయ్యాలె."

ఫోన్‌కు వచ్చిన ఆ టికెట్‌ను కూతురికి చూపిస్తూ, "మొదటి వరుసది, రెండున్నర వేలు పెట్టి కొన్న బిడ్డా" అన్నాడు. హర్షిత ఎగిరి అతని మెడ చుట్టేసింది. పిల్ల అలా చేసి ఎన్నాళ్లయిందో! అబద్ధం ఇంత బాగుంటుందని తెలిస్తే ఎప్పుడో ఆడేవాణ్ణి కదా అనుకున్నాడు. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. అక్కడ తన జనాన్ని గానీ, తనను గానీ హర్షిత చూసిందంటే సంతోషమంతా మట్టిపాలే.

అతని జనంలో ఆడవాళ్లకు పెద్ద గురవమ్మ. నినాదాలు అందుకునేది బొగ్గుబావిలో రిటైరైన పిచ్చయ్య.

"ఏ పార్టీది కొడుకా?" అంది గురవమ్మ వ్యాన్ ఎక్కుతూ.

"పార్టీ గీర్టీ లేదు పెద్దమ్మా. ఎప్పటి లెక్కనే కూసోండ్రి, చప్పట్లు కొట్టుండ్రి. నేనక్కడ ఉన్నట్టు మాత్రం ఎవ్వరికీ తెల్వొద్దు."

పార్టీ లేని సభ ఉంటుందని గురవమ్మ తన ఇరవై ఏళ్ల సర్వీసులో వినలేదు. ఏదో గుట్టు ఉంటుందిలే అనుకొని, ముందుజాగ్రత్తగా రెండు పార్టీల కండువాలూ సంచీలో కుక్కింది.

హాలు నిండింది. హర్షిత ముందు వరుసలో, స్నేహితులు ఆ వెనక వరుసలో కూర్చున్నారు. ప్రేమ్‌సాగర్ వెనక ఒక స్తంభం చాటున నిలబడ్డాడు. వంశీ స్టేజీ ఎక్కి, మైకు చేతిలో ఆడిస్తూ మొదలుపెట్టాడు.

"మన మాజీ మంత్రి భూపతి గారున్నారు చూశారూ..." అని ఆగాడు.

అతను ఆగింది నవ్వు కోసం. కానీ నాయకుడి పేరు చెప్పి మైకు ఆగితే ఏం చేయాలో పిచ్చయ్యకు ఒకరు చెప్పనక్కరలేదు.

"భూపతన్నా!" అని గర్జించాడు.

"జిందాబాద్!" నూట యాభై గొంతులు ఒక్కసారి లేచాయి. కండువాలు గాల్లో తిరిగాయి.

వంశీ గతుక్కుమన్నాడు. ఈయన మనుషులు దిగారని అర్థమై దారి మళ్లించాడు. "సరే, ఆయన్ని వదిలేద్దాం. మన ఎమ్మెల్యే వీరభద్రం గారు..."

సంచీ గలగలమంది. చూస్తుండగానే కండువాల రంగు మారింది.

"వీరభద్రమన్న నాయకత్వం!"

"వర్ధిల్లాలి!"

టికెట్ కొన్న డెబ్బై మంది పొట్టలు పట్టుకొని నవ్వసాగారు. వంశీకి మాత్రం చెమటలు పట్టాయి. రెండు పార్టీల వాళ్లూ కలిసికట్టుగా తనను తన్నడానికే వచ్చారనుకొని, మైకు చంకలో పెట్టుకొని రెండు చేతులూ జోడించాడు.

"భూపతి గారు నాకు దేవుడితో సమానం. వీరభద్రం గారు మా ఇంటి పెద్ద. ఇంతకుముందు ఏమైనా అనుంటే పసివాణ్ణని క్షమించండి."

ఊపిరి పీల్చుకోవడానికి ఆగాడు. మళ్లీ జిందాబాద్. నవ్వులతో హాలు దద్దరిల్లింది. కెమెరాలు ఒక్క ముక్క కూడా వదల్లేదు.

అప్పుడే బయట బిర్యానీ ఆటో ఆగింది. పొట్లాలు దిగాయంటే ఉపన్యాసం అయిపోయినట్టే. నూట యాభై మందీ క్రమశిక్షణగా లేచారు. ముందు తలుపు వైపు వెళ్తూ పిచ్చయ్య మొదటి వరుస దగ్గర ఆగిపోయాడు.

"అరె హర్షితా! నువ్వు గూడ మూడొందలకే వచ్చినవా బిడ్డా? అగో, మీ నాయన స్తంభం ఎనుక ఉన్నడు. పొట్లం ఇప్పిచ్చుకో పో."

స్నేహితులందరి తలలూ వెనక్కి తిరిగాయి. ప్రేమ్‌సాగర్ పొట్టకు ఆ స్తంభం ఏ మూలకూ చాలలేదు. తల వంచుకొని కూతురి దగ్గరికి వచ్చాడు.

"టికెట్ కొనలే బిడ్డా. జనాన్ని తెచ్చినందుకిచ్చిండ్రు. అబద్ధమాడిన."

హర్షిత గిరుక్కున తిరిగి బస్టాండుకు నడిచింది. ఇంటికెళ్లాక మటన్ కూరైనా ముట్టలేదు. ప్రేమ్‌సాగర్ కూడా కంచం పక్కకు జరిపాడు. కూతురి ముందు దొంగలా దొరికిపోవడం ఏమిటో అతనికి ఆ రోజు తెలిసింది.

తెల్లారేసరికి ఆ వీడియోను లక్షల మంది చూశారు. మధ్యాహ్నం భూపతి పీఏ హాతీరాం ఫోన్ చేశాడు. ప్రేమ్‌సాగర్ స్పీకర్ నొక్కాడు.

"అన్నా, వీడియో చూసి సారు మురిసిపోయిండు. పన్నెండు వందలు పెట్టి టికెట్ కొనుక్కొని మరీ జనం ఆయనకు జిందాబాద్ కొట్టిండ్రు గద! ఇగ మనిషికి మూడొందలు ఇచ్చుడు బంద్ అన్నడు. శుక్రవారం దుమ్ముగూడెంల మీటింగ్. టికెట్ వంద. మీ జనానికి ఎన్ని గావాలె?"

ప్రేమ్‌సాగర్ పక్కన కూర్చున్న హర్షిత కిసుక్కున నవ్వింది. నిన్నటి నుంచి ఆపుకుంటున్న నవ్వేమో, కళ్లలో నీళ్లు తిరిగే దాకా ఆగలేదు. ఆ తర్వాత ఫోన్ అందుకుంది.

"అన్నా, నేను వాళ్ల బిడ్డను. ఎవ్వరికీ భయపడని వంశీ చేతులు జోడిచ్చిండు. మా నాయన తెచ్చినోళ్లు మాత్రం ఎవ్వరికీ భయపడలే. గా పనికి మూడొందలు చానా తక్కువ. ఇయ్యాల్టి నుంచి ఆరొందలు. అడ్వాన్సు ముందుగాల ఇయ్యాలె."

"నిన్ననే సిగ్గుపడితివి గదనే బిడ్డా," అన్నాడు ప్రేమ్‌సాగర్ మెల్లగా.

"నువ్వు అబద్ధమాడినవ్ గనక సిగ్గుపడ్డ. హాలంత నవ్విచ్చింది ఎవరు మరి?"

ప్రేమ్‌సాగర్ మొహం తుడుచుకునే నెపంతో తువ్వాలు కళ్లకు అద్దుకున్నాడు. హాతీరాం, "టికెట్ పెట్టినా విరగబడి వస్తరు, చూస్తుండు" అని ఫోన్ పెట్టేశాడు.

శుక్రవారం సభకు ముగ్గురు వచ్చారు: భూపతి, హాతీరాం, మైకు కట్టినవాడు. టికెట్ కొన్నది మాత్రం హాతీరాం ఒక్కడే.