మున్జిర్ ఆంప్లిఫయర్ రక్షణోద్యమం

బేరూత్‌లో సర్కారు కరెంటు రోజుకు రెండు గంటలు. మిగతా ఇరవై రెండూ వీధి జనరేటర్ యజమాని అబూ వజీహ్ దయ. సర్కారుకు సిగ్గు లేదు, అబూ వజీహ్‌కు పోటీ లేదు. ఎవరి కరెంటును నమ్ముకున్నా ఇంట్లో సామాను బూడిదే.

ఆ ఉదయం మున్జిర్ పెట్టుకున్న పని ఒక్కటే. పన్నెండింటికి జహ్లే నుంచి అక్క విదాద్ వస్తుంది. చచ్చిపోయిన తండ్రి ఊద్ అనే తంత్రీవాద్యం వాయించిన టేపు ఆమెకు వినిపించాలి. దాన్ని పలికించగల పాత ఆంప్లిఫయర్ ఒక్కటే మిగిలింది. అది కాలితే బాగుచేసే నాథుడు లేడు. స్టెబిలైజర్ తగిలించాడు. అయినా మనసు నిలవలేదు. పన్నెండింటికి అందరూ ఇస్త్రీపెట్టెలు, గీజర్లు వేస్తే వోల్టేజి ఏ గంగలో కలుస్తుందో! ఆరో అంతస్తు నుంచి కిందికి దిగుతూ ప్రతి తలుపూ కొట్టాడు.

"పన్నెండింటికి అన్నీ ఆపేయండి. అరగంట చాలు."

మూడో అంతస్తు ఉమ్ రఫీక్ కళ్ళు మెరిశాయి. "ఇన్నాళ్ళకు ఒక్కడు లేచాడ్రా దేవుడా! అబూ వజీహ్ పీక పట్టుకుంటున్నావన్నమాట!"

"అది కాదు పిన్నీ, మా ఆంప్లిఫయర్..."

"తెలిసిందిలే నాయనా. పైకి అదే చెప్పు."

కూరగాయల కోసం దించే తాడుబుట్టలో చీటీ పెట్టి కొట్టుకు దించింది. కొట్టువాడు దాన్ని ఎదుటి మేడవాళ్ళ బుట్టలో వేశాడు. పదకొండున్నరకల్లా వీధంతా బహిష్కరణకు సిద్ధం.

సరిగ్గా పన్నెండింటికి అన్ని ఇళ్ళలోనూ మీటలు ఒక్కసారే పడ్డాయి. మోసే బరువు ఉన్నట్టుండి జారిపోయేసరికి జనరేటర్ పూనకం పట్టినట్టు ఊగింది. మీట దించని ఇల్లు ఉద్యమ నాయకుడిదొక్కటే. స్టెబిలైజర్ ఢామ్మంది.

"నా ఆంప్లిఫయర్!" పొగలో మున్జిర్ గొల్లుమన్నాడు.

"దానికేం కాలేదు," అంది భార్య సల్వా వంటింట్లోంచి. "ఊరందరికీ ఆపమని చెప్పి మనం ఆపకపోతే మొహం ఎక్కడ పెట్టుకుంటాం? దాని ప్లగ్గు అప్పుడే పీకేశాను."

మున్జిర్ ఆమె చెయ్యి కళ్ళకద్దుకున్నాడు.

ఇంతలో అబూ వజీహ్ రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు, వెనక ఈలలు వేస్తూ వీధి. "మున్జిర్ గారూ, నేను ఓడిపోయాను. నెలనెలా కట్టే కరెంటు చందా సగానికి తగ్గిస్తా. ఇంకేం కావాలో అడగండి."

"ఓ అరగంట కరెంటియ్యవయ్యా!"

"అదొక్కటీ అడక్కండి. జనరేటర్ కాలిపోయింది."

విదాద్ ఆరంతస్తులూ మెట్లెక్కి వచ్చి, చిన్న గీత కూడా పడని ఆంప్లిఫయర్‌ను కళ్ళారా చూసి వెళ్ళింది.