శుభమా అంటూ ఆ మాటెందుకు!

చావు గురించి నోరెత్తకపోవడాన్ని మించిన సంస్కారం లేదని నా దృఢాభిప్రాయం. దాని పేరెత్తకపోతే అది మన జోలికి రాదు. మనం ఎత్తలేదు కాబట్టే కదా ఇన్నాళ్ళూ రాలేదు! ఇంతకంటే సాక్ష్యం కావాలా?

ఈ మధ్య కొందరు బయల్దేరారు. ఆఖరి రోజుల్లో ఏ వైద్యం కావాలి, ఏది వద్దు అని ఇంట్లోవాళ్ళతో ముందే కూర్చుని మాట్లాడుకోవాలట! కాగితం మీద కూడా పెట్టాలట! దీనివల్ల పచ్చటి సంసారాలు ఎలా పాడవుతాయో తెలియాలంటే మా వీధి సిస్టరమ్మ సంగతి వినండి.

సిస్టరమ్మ ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా చేసింది. రిటైరయ్యేనాటికి ఐసీయూకి హెడ్డు. డెబ్బై రెండో ఏట ఆవిడ గుండె బలహీనపడింది. "మందులతో నెట్టుకురావాలమ్మా, అంతే" అన్నాడు డాక్టరు. ఆవిడ ఏడవలేదు. ఇంటికొచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, ఓ తెల్లకాగితం ముందేసుకుంది.

మెషీన్ల మీద ఉండి లేచి నడిచివెళ్ళినవాళ్ళని ఆవిడ ఎందరినో చూసింది. నోట్లో గొట్టంతో, చెప్పాలనుకున్నది చెప్పలేక, కళ్ళతో గదంతా వెతుక్కుంటూ పోయినవాళ్ళనీ చూసింది. అందుకే రాసింది: "ఇక కోలుకోనని డాక్టర్లు తేల్చాక మెషీను వద్దు. నొప్పి తెలియకుండా మందివ్వండి. నా గదిలో, కిటికీ పక్కన పడుకోబెట్టండి."

రాయడానికి పది నిమిషాలు పట్టింది. వినిపించడానికి ఎనిమిది నెలలు!

కొడుకు బస్సు డ్రైవరు. "డ్యూటీకెళ్ళేముందు ఆ మాటలేంటమ్మా!" అని చెప్పులేసుకునేవాడు. డ్యూటీ దిగొచ్చాక ఎత్తితే, "ఇప్పుడే కదమ్మా వచ్చాను" అనేవాడు. కోడలు బళ్ళో లెక్కల టీచరు. అత్తగారు "నేను పోయేటప్పుడు" అనగానే మిక్సీ వేసేది. జారులో ఏమీ లేకపోయినా వేసేది! ఇక తమ్ముడు, ఫోటో స్టూడియో ఆయన, మరీ ఘనుడు. "నీకేంటక్కా, గుండ్రాయిలా ఉన్నావు!" అని వీపు మీద చరిచేవాడు. చరిచినప్పుడల్లా ఆవిడకి దగ్గొచ్చేది.

చూశారా, ఎంత ప్రేమో!

ఒక బుధవారం ఉదయం సిస్టరమ్మ ఆ ముగ్గురికీ ఒకటే మెసేజి పెట్టింది. "పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాను. మాట్లాడాలి. పదకొండింటికి రండి."

పదిన్నరకే దిగారు! కొడుకు బస్సుని ఇంకో డ్రైవరుకి అప్పగించి యూనిఫాంతోనే వచ్చాడు. కోడలు బోర్డు మీద లెక్క సగంలో వదిలేసి, చేతిలో సుద్దముక్కతో వచ్చింది. పాస్‌పోర్టు ఫోటోకని గడ్డం పైకెత్తి కూర్చున్న కస్టమరుని తమ్ముడు అలాగే కూర్చోబెట్టి వచ్చేశాడు.

"ఎవరమ్మా అతను?" అన్నాడు కొడుకు, నీళ్ళు నములుతూ.

"ఈ వయసులో ఇదేం పనక్కా! నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు తమ్ముడు.

కోడలు మాత్రం, "ఆయన ఏం చేస్తుంటారు అత్తయ్యా?" అని అడిగింది.

సిస్టరమ్మ తలుపు గడియ పెట్టింది. మిక్సీ ప్లగ్గు పీకేసింది. "పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు. నా చావు గురించి మాట్లాడాలి. కూర్చోండి."

"హమ్మయ్య, చావు గురించేనా!" అనేశాడు తమ్ముడు. ఆ వెంటనే నాలిక్కరుచుకున్నాడు.

ముందు కోడలు నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. కొడుకు నవ్వు మాత్రం మధ్యలోనే ఏడుపైంది. "నేను మెషీను వద్దంటే, నిన్ను నేనే చంపుకున్నట్టు కాదా అమ్మా?"

ఎనిమిది నెలలుగా చెప్పులేసుకుని పారిపోయింది ఈ మాట నుంచే!

"అందుకే కదరా రాసింది! వద్దంటున్నది నేను. నువ్వు నా మాట చేరవేస్తున్నావు, అంతే."

ఆ రోజు ముగ్గురూ కాగితం చదివారు. అడగాల్సినవన్నీ అడిగారు. ఒక కాపీ డాక్టరుకిచ్చారు.

ఏడాది తిరక్కుండానే ఆవిడ పడిపోయింది. ఆసుపత్రిలో, మెషీను పెట్టినా లాభం లేదని చెప్పి, "ఏం చేద్దామంటారు?" అని అడిగాడు డాక్టరు. కొడుకు మాట వణకలేదు. "ఇంటికి తీసుకెళ్తామండీ. మా అమ్మ చెప్పింది."

కిటికీ పక్కన ఆరు రోజులుంది. నొప్పి తెలియకుండా ఒక నర్సు వచ్చి మందిచ్చి వెళ్ళేది. దుప్పటి మూలలు సరిగ్గా మడవలేదని సిస్టరమ్మ మూడో రోజున కూడా కోడల్ని కేకలేసింది. "చిన్నప్పుడు నీ ఇంకుపెన్ను విరగ్గొట్టింది నేనేనక్కా" అని తమ్ముడు ఒప్పుకుంటే, "తెలుసులేరా" అంది. ఆరో రోజు మధ్యాహ్నం, కొడుకు చెయ్యి పట్టుకుని, నిద్రలోకి జారినట్టే వెళ్ళిపోయింది.

ఇక జరిగిన నష్టం చూడండి! నేను పలకరించడానికి వెళ్ళాను. ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ నిందించడం లేదు! "నీవల్లే" అని ఒక్కరైనా అనలేదు. కూర్చుని ఆవిణ్ణి తలుచుకుని ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. ఏళ్ళ తరబడి దెప్పుకోవడానికి ఒక్క ముక్కయినా మిగలని సంసారం, అదీ ఒక సంసారమేనా?

మా ఇల్లు అలాంటిది కాదు. మాది సంస్కారవంతమైన కుటుంబం. మంచంలో ఉన్న నాన్న ఏదో చెప్పబోతే, "ఊరుకో నాన్నా, నీకేం కాదు" అని నోరు నొక్కింది నేనే. ఆయన పోయి పధ్నాలుగేళ్ళు. గొట్టం వెయ్యమన్న నాది తప్పో, పదిహేడో రోజున తీసెయ్యమన్న అన్నయ్యది తప్పో ఇంకా తేలలేదు. మేమిద్దరం మాట్లాడుకోం.

నాన్నకి ఏం కావాలో మాత్రం ఇద్దరిలో ఎవరికీ తెలియదు.